సుత్తి మిషిను, మా బావ చెవులు

ఆ రోజుల్లో కరెంటుతో నడిచే వస్తువు ఏది చేతిలో ఉన్నా మనిషి సగం దేవుడైపోయినట్టే. మా మెట్‌పల్లిలో వీధి దీపం వెలిగే వేళకు జనం పనులు మానుకుని వచ్చి దాని కింద నిలబడి తలెత్తి చూసేవాళ్లు. వెలిగాక, దాన్ని తామే వెలిగించినంత తృప్తిగా ఇళ్లకు పోయేవాళ్లు. అట్లాంటి కాలంలో, మీసం ఇంకా సరిగ్గా రాని నేను (వచ్చిందని నేను, రాలేదని నన్ను కన్న మా అవ్వ) బాపులాగా మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చోవడం నామోషీ అనుకుని, కరెంటు పని నేర్చుకుంటానని ఆదిలాబాదులో ఉన్న మా అక్క ఇంటికి బయలుదేరాను. ఆ పడుచువాణ్ణి ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. కాని ఆ నవ్వు మా బావ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది.

బావ అక్కడ ఒక జిన్నింగు మిల్లులో మిస్త్రీ. (పత్తిలోంచి గింజను వేరు చేసి దూది తీసే మిల్లు అన్నమాట; ఆదిలాబాదులో అప్పుడు ఎటు చూసినా అవే.) అంతకు ముందు చాలాకాలం ఎక్కడో డ్యాము కట్టే చోట రాళ్లు తొలిచే మిషిన్ల మీద పనిచేసి వచ్చాడు. పొడుగాటి మనిషి, పెద్ద చేతులు, అంతకంటే పెద్ద గొంతు. నేను బస్సు దిగి, ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని వాకిట్లో అడుగు పెట్టగానే "ఏం బామ్మర్దీ! తిన్నవా, తినలేదా?" అని ఆయన అరిచిన అరుపుకు పెట్టె జారి కింద పడింది. ఏం తప్పు చేశానో తెలియక బిత్తరపోయి నిలబడితే, అక్క లోపలి నుంచి వచ్చి "బుగులు పడకు తమ్మీ, కోపం గాదు. గాయన ముచ్చట పెట్టుడే గట్లుంటది" అంది. ఆ ఇంట్లో పిల్లలు లేరు. పుట్టినవాళ్లు దక్కలేదు. ఉయ్యాల కోసం దూలానికి దిగ్గొట్టిన కొక్కెం మాత్రం అట్లాగే ఉంటే, అక్క దానికి పెరుగు ఉట్టి వేలాడదీసింది. ఆ సంగతి ఇద్దరూ ఎత్తేవాళ్లు కాదు.

మిల్లులో సేటు కొత్త యంత్రాలు దింపుతున్నాడు. వాటిని బిగించాలంటే పాత రాతి గోడలకూ బండల నేలకూ బోల్టుల కోసం రంధ్రాలు వేయాలి. ఉలీ సుత్తీ పట్టుకుని కూర్చుంటే పత్తి కాలం దాటిపోతుందని సేటు బొంబాయి నుంచి ఒక మిషిను తెప్పించాడు. దాన్ని హ్యామర్ డ్రిల్ అంటారట. ఇటు తిరుగుతూనే అటు సుత్తి దెబ్బలు కూడా కొడుతుంది కాబట్టి మిల్లులో అందరూ దాన్ని సుత్తి మిషిను అనేవాళ్లు. బరువు చూస్తే బాగా మేసిన మేకపిల్లంత. చప్పుడు చూస్తే, రేకుల కప్పు మీద రాళ్ల వాన పడుతుంటే దాని కింద తల పెట్టినట్టు. దాన్ని ముట్టే హక్కు మా బావ ఒక్కడిదే. ఆయనకు చెయ్యందించే పని నాది.

మొదటి రోజునే నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, మిల్లంతా వినేలా పాఠం చెప్పాడు. "సూడు బామ్మర్దీ. దీని దగ్గరికి వచ్చేటప్పుడు మెడల రుమాలు ఉండొద్దు, చేతికి కడెం ఉండొద్దు, అంగి చేతులు ఏలాడొద్దు. తిరిగేదానికి జర బట్ట దొరికిందంటే మనిషినే గుంజుకుంటది. ప్లగ్గు పెట్టే ముందు వైరును మొదలు సంది కొసదాక తడుము, యాడన్న చీలిందేమో సూడు. తడి చేతులు వద్దు. రెండు చేతులతోని పట్టు, కాళ్లు ఎడం పెట్టి నిలవడు. పానమంత పెట్టి ఒత్తకు, మిషిను పని మిషినును చెయ్యనియ్యి. నడుమ నడుమ బయటికి తీసి పొడి రాలనియ్యి. ముందట తొలిచే బిట్టు మార్చాలంటే మొదలు ప్లగ్గు పీకు. సమజయిందా?" సమజయిందన్నాను. (ఆ వయసులో నాకు సమజు కానిది ఏదీ లేదు.)

పని అయిపోయాక ఆయన దానికి చేసే సేవ చూడాలి. ప్లగ్గు తీసి, గోనెసంచి మీద పడుకోబెట్టి, గాలి పోయే సందుల్లో చిక్కుకున్న దూది నూగును సన్న కుంచెతో దులిపేవాడు. మూత విప్పి, లోపల మోటారుకు కరెంటు అందించే బొగ్గు ముక్కలు ఎంత అరిగాయో చూసేవాడు. "గీ నూగు లోపటికి పోయిందనుకో, బొగ్గు కాడ నిప్పురవ్వ లేస్తది. సుట్టూత దూది గుట్టలు. ఇగ మిల్లు మిగులుతదా?" అనేవాడు. ఆ తరువాత గ్రీజు పెట్టి, అక్క పాత చీర ముక్కలో చుట్టి, తడి తగలకుండా చెక్క మీద పెట్టేవాడు. సెలవు వచ్చిందంటే సేటును అడిగి దాన్ని ఇంటికే తెచ్చుకునేవాడు. "నా నెత్తికి నూనె ఉన్నదా అని ఎన్నడన్న అడిగినవా? గీ సవతికైతే గ్రీజు తప్పది" అని అక్క సణిగేది. బావ జవాబు చెప్పేవాడు కాదు. గట్టివాడు, భార్య సణుగుడుకు చలించడు అనుకుని నేను మెచ్చుకునేవాణ్ణి.

కొన్నాళ్లకు నా చేతికి మిషిను ఇచ్చే శుభదినం వచ్చింది. నేను దానికి తగ్గట్టే తయారయ్యాను: ఇస్త్రీ అంగీ, తెల్ల పైజామా, నుదుటి మీదికి పడేలా దువ్వుకున్న జుట్టు, మెడలో ఎర్ర పట్టు రుమాలు. బావ రుమాలు చూసి కళ్లెర్రజేశాడు. తీసేశాను. కాని దాన్ని ఎక్కడో పారేయడానికి మనసొప్పక నడుముకు కట్టుకున్నాను. మెడలో వద్దన్నాడు గాని నడుముకు వద్దనలేదు కదా! బావ పక్కకు తిరిగి బోల్టులు ఏరుకుంటున్నాడు. అదే సమయానికి పత్తి గంపలు మోసే ఆడవాళ్లు అటు వస్తూ, కొత్త మిస్త్రీని చూద్దామని ఆగారు. ఆగినవాళ్లను నిరాశపరచడం ఎట్లా? ఒక చేత్తో మిషిను పట్టుకుని, రెండో చేత్తో జుట్టు వెనక్కి తోసుకుంటూ గోడలోకి దించాను.

రాళ్ల మధ్య ఎప్పుడో ఎవరో దాచిన ఇనుప పట్టీ ఒకటి ఉంది. బిట్టు దానికి తట్టుకుని బిగుసుకుపోయింది. బిట్టు ఆగితే మిషిను తిరగాలి కదా, అది తిరిగింది, దాంతోపాటు నా మణికట్టూ తిరిగింది. కెవ్వుమని వదిలేశాను. అది గోడలోంచి ఊడి, స్విచ్చు బిగిసిన కారణాన ఆగకుండా, నా నడుము మీదికి వచ్చి రుమాలు కొస అందుకుంది. ఆ పైన నాకు తెలిసినదల్లా, నేను గుండ్రంగా తిరుగుతున్నాననీ, రుమాలుతోపాటు పైజామా బొందు కూడా దారి పట్టిందనీ, "బావా! బావా!" అని అరుస్తున్నాననీ. "అగ బాయీ!" అని ఒక మరాఠీ అవ్వ గంప కింద పడేసింది. ఉన్నట్టుండి మిషిను ఆగింది. బావ ప్లగ్గు పీకి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నేను చేత్తో పైజామా పట్టుకుని నిలబడ్డాను.

"అగో, పెండ్లికొడుకు మిషిను సుట్టు తిరుగుతుండు! ఏడడుగులు అయినట్టేనా?" అని ఒకామె అంటే మిల్లు మిల్లంతా నవ్వింది. ఆ రోజు నుంచి నా పేరు నవర్‌దేవ్. మరాఠీలో పెళ్లికొడుకని అర్థం. (నిజంగా పెళ్లయిన రోజున కూడా నన్ను అంత మనస్ఫూర్తిగా ఎవరూ అట్లా పిలవలేదు.) బావ మాత్రం నవ్వలేదు. నా చెయ్యి తన పెద్ద చేతుల్లోకి తీసుకుని, ఒక్కొక్క వేలే వంచి చూశాడు. "కదులుతున్నదా? గిది? గిదో?" అన్నీ కదిలాక నెత్తి మీద ఒక్కటిచ్చి, "పేగులు సుట్టుకుంటే ఏమైతుండెరా? మీ అక్కకు నేనేం జెప్దును?" అన్నాడు. అప్పుడు నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు. నేను అన్ని కేకలు పెట్టినా ఆయన ఇటు తిరగనే లేదనీ, మరాఠీ అవ్వ దూది ఉండ విసిరి వీపున కొడితే తిరిగాడనీ తరువాత తెలిసింది. మిల్లు రొదలో ఎవరికి మాత్రం వినబడుతుంది అనుకున్నాం అందరం.

ఇంట్లో కూడా అట్లాంటివి చాలా జరిగేవి. "సాయంత్రం వచ్చేటప్పుడు నూనె తీస్కరా" అని అక్క చెబితే గోనె తెచ్చేవాడు. "పప్పుల ఉప్పు లే" అని నేనంటే, "చెప్పు లేదా? వాకిట్లనే ఉన్నయి గదరా" అనేవాడు. అక్కా నేనూ పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లం. ఆయన కూడా నవ్వేవాడు, మేము నవ్వుతున్నాం కాబట్టి. ఒక్కోసారి తినేవాడు తినేవాడే ఆగి, తల ఒక పక్కకు వంచి, దేన్నో వింటున్నట్టు కూర్చునేవాడు. ఏమయిందని అడిగితే "మిషిను" అనేవాడు. మిషిను మీద ధ్యాస అనుకున్నాం.

ఆ మరుసటి ఏడు ఉట్టి తీసేసి ఆ కొక్కేనికి ఉయ్యాల కట్టాం. ఆడపిల్ల. పుట్టిన నాటి నుంచి బావ మిల్లు గంట మోగీ మోగకముందే ఇంటి దారి పట్టేవాడు. కాళ్లూ చేతులూ కడుక్కుని, గ్రీజు వాసన పోయిందో లేదో నాతో చూపించుకుని, అప్పుడు ఎత్తుకునేవాడు. అన్ని సుత్తి దెబ్బలు కాచుకున్న ఆ చేతులు పిల్ల ఎక్కడ జారిపోతుందో అన్నట్టు బిగించి పట్టుకునేవి. "పానం పెట్టి ఒత్తకు" అని నేను ఆయన పాఠం ఆయనకే అప్పజెప్పేవాణ్ణి.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం పిల్లను ఉయ్యాలలో పడుకోబెట్టి, బావను చూస్తుండమని చెప్పి, అక్క నీళ్లకు పోయింది. రెండో బిందె మోయడానికి నేనూ వెంట పోయాను. తిరిగి వస్తుంటే సందు మొదట్లోనే పిల్ల ఏడుపు వినబడింది. అది మామూలు ఏడుపు కాదు, ఏడ్చి ఏడ్చి గొంతు రాసిపోయిన ఏడుపు. అక్క దాదాపు పరుగెత్తింది. లోపల పిల్ల సగం బయటికి జారి, కాలు ఉయ్యాల బట్టలో చిక్కుకుని, తలకిందులుగా వేలాడుతోంది. మొహం కమిలిపోయింది. చెయ్యి చాస్తే అందేంత దూరంలో బావ వీపు తిప్పుకుని కూర్చుని, సుత్తి మిషిను విప్పి పెట్టుకుని, ఏదో కూనిరాగం తీసుకుంటూ నూగు దులుపుతున్నాడు.

అక్క చేతిలోని ఇత్తడి బిందె బండల మీద పడింది. ఆ చప్పుడుకు పక్కింటి వాళ్లు బయటికొచ్చారు. బావ తిరగలేదు. నీళ్లు పారుకుంటూ పోయి ఆయన పంచె కింద తడి తగిలాక, తడిమిన చెయ్యి పైకెత్తి చూసుకుని, ఇల్లు కురుస్తోందా అని కప్పు వంక చూశాడు. ఆ తరువాత గబగబా మిషినును ఎత్తి చెక్క మీద పెట్టాడు. అప్పుడు తిరిగాడు. అప్పటికే పిల్ల అక్క రొమ్ముకు కరుచుకుని ఉంది. అక్క తిట్టడానికే నోరు తెరిచింది, కాని తిట్టలేదు. మెల్లగా ఆయన వెనక్కి పోయి నిలబడి, "ఇగో, ఇంటున్నవా?" అంది. మళ్లీ కొంచెం గట్టిగా, "ఇంటున్నవా అయ్యా?" అంది. ఆయన నా వంకే చూస్తున్నాడు. అక్క ఆ తడి నేల మీదనే కూర్చుని ఏడవసాగింది.

"ఎందుకేడుస్తున్నదిరా మీ అక్క?" అన్నాడు బావ. నేను ఉయ్యాల వైపూ పిల్ల వైపూ చెయ్యి చూపించాను. ఆయన నా మొహమూ అక్క మొహమూ చూశాడు. పిల్ల కాలి మీద బట్ట ఒరుసుకున్న ఎర్రటి గుర్తు చూశాడు. "పొల్ల ఎంతసేపటి సంది ఏడుస్తున్నది?" అని అడిగాడు. ఆ మనిషి అంత చిన్న గొంతుతో మాట్లాడడం నేను వినడం అదే మొదలు.

పెద్ద దవాఖానలో మరాఠీ డాక్టరు చెవుల్లోకి దీపం వేసి చూశాడు. చాలా ఏళ్ల చప్పుడు లోపల తినేసిందనీ, పోయింది తిరిగి రాదనీ చెప్పాడు. "చెవుల దూది గినా పెట్టుకునేటోడా?" అని అడిగాడు. అక్కా నేనూ మొహమొహాలు చూసుకున్నాం. మిల్లు నిండా గుట్టలు గుట్టలుగా దూది. అంగీల మీద దూది, కనుబొమల మీద దూది, సద్దిలో దూది. దాంట్లోంచి చిటికెడు తీసి చెవిలో పెట్టుకోవాలని చెప్పిన మనిషి లేడు. రుమాలు సంగతి, వైరు సంగతి, బొగ్గు ముక్కల సంగతి అన్నీ తెలిసిన మా బావకు అదొక్కటి ఎవరూ చెప్పలేదు. దారిలో ఆయనే అన్నాడు: "డ్యాము కాడి సందే చెవుల జోరీగ తిరుగుతున్నట్టు ఉంటది బామ్మర్దీ. మిషిను చప్పుడు నా ఎంబడి ఇంటిదాక వస్తుందనుకున్న. మంచిగనే ఉండె, తోడున్నట్టు."

సేటు చెడ్డవాడు కాదు. "మిస్త్రీ మీద నాకు కోపం లే. కాని ఎవడన్న బచావో అని ఒర్రితే గాయనకు ఇనవడది. రేపు ఏమన్నయితే నేను ఎవలకు జవాబు చెప్పాలె? మిషిను ఇగ నువ్వు చూసుకో. గాయన గేటు కాడ కూసుంటడు" అని నాతో అన్నాడు. బావ పక్కనే నిలబడి ఇద్దరి పెదవులూ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆ మాట ఆయనకు చేరవేయవలసింది నేను. మిషినును చూపించాను, నన్ను చూపించుకున్నాను, గేటు వైపు చెయ్యి చూపించాను. మూడు సైగలే. ఆయన తల ఊపాడు. వెళ్లి మిషినును దులిపి, గ్రీజు పెట్టి, చీర ముక్కలో చుట్టి తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. "వైరు పట్టుకుని మొయ్యకు" అన్నాడు. అంతే అన్నాడు.

చెవిటి గేటు మనిషి! లారీవాళ్లు హారను కొట్టి కొట్టి అలిసిపోయేవాళ్లు. బావ ఇటు వైపు ఎవరో రాలిన పత్తి ఏరుతుంటే చూస్తుండేవాడు. నవ్వులాటయింది. మర్నాటి నుంచి స్టూలును రోడ్డు వైపు తిప్పుకుని, ఎవరు భుజం తట్టినా పక్కకు చూడకుండా, లారీ దుమ్ము కనబడగానే గేటు తెరిచేవాడు. చివరికి అంత సమయానికి తెరిచే గేటు ఊళ్లో ఇంకొకటి లేదని పేరొచ్చింది. ఇక రోజూ పొద్దున నేను పనిలోకి దిగే ముందు నన్ను గేటు దగ్గర ఆపి, నా నడుమూ మెడా తడిమి చూసి, రెండు దూది ఉండలు చేసి తన చేత్తోనే నా చెవుల్లో కుక్కేవాడు. "నవర్‌దేవ్ చెవులల్ల పూలు పెట్టుకున్నడు" అని ఆడవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. చెయ్యనీ. ఆయన వేళ్లు నా చెవి దగ్గర ఒక్క క్షణం ఎక్కువే ఆగేవి.

పిల్లకు నడకా పరుగూ వచ్చాక తలనీలాలు ఇయ్యడానికి కొండగట్టు గుడికి పోయాం. మెట్‌పల్లి నుంచి అవ్వా బాపూ కూడా వచ్చారు. మంగళవారం, జనం ఇసుక వేస్తే రాలనంత. గుండు చేయించి, గంధం పూసి, కొబ్బరికాయలు కొనేలోపల పిల్ల కనబడలేదు. అక్క పిల్ల పేరు పెట్టి అరవసాగింది. అవ్వ దండాలు పెట్టసాగింది. బావ కళ్లతోనే వెతుక్కుంటూ జనంలోకి దూరాడు. నేనూ బాపూ తలో దిక్కు పోయి, పిల్ల ఏడుపు ఎక్కడినుంచి వస్తుందా అని చెవులు రిక్కించుకుని తిరిగాం. ఎంతోమంది పిల్లలు ఏడుస్తున్నారు. మా పిల్ల ఏడుపు మాత్రం లేదు. కోనేటి వైపు చూడడాన్ని మాత్రం ఆఖరుకు పెట్టుకున్నాను.

మెట్ల దగ్గర నిలబడి నేనూ గొంతు చించుకుంటుంటే, వెనక నుంచి ఎవరో నా అంగీ కొస పట్టి లాగారు. తిరిగి చూస్తే గంధం పూసిన చిన్న గుండు. నా మొహం చూసి, "బాపు గాదు" అంది పిల్ల. అనేసి నా అంగీ వదిలి, ముందున్న ఒకాయన అంగీ లాగింది. ఆయన తిరిగాడు. బాపు కాదు. ఇంకొకాయన పంచె లాగింది. ఏడవడం లేదు, పిలవడం లేదు. ఆ జనంలో అప్పటిదాకా అది చేస్తున్న పని అదేనట, కొబ్బరికాయల అంగడి ఆమె చెప్పింది: "గీ పొల్ల నోరు తెరుస్తలేదు, అందరి అంగీలు గుంజుతుంది." నోరు తెరిచి పిలిస్తే బాపు రాడని దానికి తెలుసు. ఊహ తెలిసినప్పటి నుంచి ఇంట్లో అది ఆయన్ను అంగీ లాగే పిలిచేది. లోకంలో బాపులందరూ అంతే అనుకుంది. ఎత్తుకుందామని వంగాను. అంతలో బావ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. అంగీ లాగించుకోకుండానే పిల్లను భుజాన వేసుకున్నాడు. అప్పుడు ఏడ్చింది పిల్ల, ఆయన చెవి పక్కనే నోరు పెట్టి, కొండంతా వినబడేలా. అందరం చెవులు మూసుకున్నాం. బావ ఒక్కడే హాయిగా దాని వీపు నిమురుతూ నిలబడ్డాడు.

బావ పోయి చాలా కాలమయింది. ఆ పిల్లకిప్పుడు పెళ్లీడుకొచ్చిన పిల్లలున్నారు. నన్ను చూడడానికి వస్తే గుమ్మంలో నుంచి "మామా" అని పిలవదు. చిన్నప్పటి అలవాటు, చప్పుడు చేయకుండా వెనక నుంచి వచ్చి అంగీ కొస లాగుతుంది. మా బావ పుణ్యమా అని నా చెవులు ఈ వయసులో కూడా భేషుగ్గా ఉన్నాయి. గేటు తీసిన చప్పుడు, చెప్పులు విడిచిన చప్పుడు, వసారాలో గాజుల చప్పుడు అన్నీ నాకు వినబడతాయి. అయినా పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని, ఏమీ విననట్టే, అంగీ లాగేదాకా కూర్చుంటాను.